ఊరికే నడిచినందుకు

నేను లెక్కల టీచరుని. ఇల్లు తిరుపతిలో. బడి మాత్రం వడమాలపేటలో మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఒక పల్లెలో. ఆ నాలుగు కిలోమీటర్లకూ ఒకే ఒక ఆటో. పొద్దున నేను బస్సు దిగేసరికి స్టాపు దగ్గర నిలబడి ఉండేది, సాయంత్రం బడి గేటు ముందు నిలబడి ఉండేది. నేను, ఇంకో ఇద్దరు టీచర్లు, పాలకేంద్రంలో పనిచేసే ఒకామె, ఒక్కోసారి రెండు తవుడు మూటలు, అందరం అందులోనే సర్దుకునేవాళ్లం. అలా ఆరేళ్లు తిరిగాను. ఆ ఆరేళ్లలో దారి పక్కన ఏముందో ఒక్కసారీ సరిగా చూడలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ల మోకాళ్లు మాత్రం బాగా గుర్తు.

ఒక రోజు ఆటో ఆయన బంధువుల పెళ్లని పుత్తూరు వెళ్లాడు. మిగతా టీచర్లిద్దరూ హెడ్మాస్టరు కారులో వెళ్లిపోయారు. నేను జవాబు పత్రాలు సర్ది, బీరువాకు తాళం వేసి బయటికి వచ్చేసరికి బడి ముందు ఎవరూ లేరు. ఫోన్ చేస్తే మా ఆయన స్కూటర్ వేసుకుని వచ్చేవాడే. చేయబోయి ఎందుకో ఆగాను. తారురోడ్డు చుట్టు తిరిగి పోతుందని, మామిడితోటల్లోంచి ఒక బండిబాట అడ్డంగా మెయిన్ రోడ్డుకు కలుస్తుందని పిల్లలు మాట్లాడుకుంటుంటే విన్నాను. చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకుని ఆ బాట పట్టాను.

మొదటి పది నిమిషాలు కుక్కల గురించి ఆలోచించాను. తర్వాతి పది నిమిషాలు పాముల గురించి. ఆ తర్వాత భయపడడానికి ఇంకేమీ గుర్తుకు రాక చుట్టూ చూశాను. రెండు వైపులా తోతాపురి చెట్లు, కొమ్మలు నేలకు ఆనుకుని ఉన్నాయి. తోట దాటితే చెనిక్కాయ చేలు, ఆ పక్కన ఒక చిన్న గుట్ట, దాని మీద ఎవరో పేర్చి మరిచిపోయినట్టు బండరాళ్లు. బాటకు అడ్డంగా వాగులాంటి ఒక వంక, అందులో నీళ్లు లేవు. ఇసుక మీద నెమలి అడుగులు వరుసగా వెళ్లి, మధ్యలో ఆగిపోయి ఉన్నాయి. అక్కడి నుంచి ఎగిరిపోయిందన్న మాట. ఆ సంగతి నాకు నేనే కనిపెట్టినందుకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇంకొకటి కూడా జరిగింది. నా చెప్పుల చప్పుడు నాకే వినపడింది. బడి గంట, కుక్కరు విజిల్, మా ఆయన టీవీలో వార్తలు, మా అత్తగారి ఫోను, వీటన్నిటి కింద నలభై ఎనిమిదేళ్లుగా నా నడక చప్పుడు ఎక్కడో అణిగిపోయి ఉంది. అది విన్నాక నోరు కూడా దానంతటదే తెరుచుకుంది. ఇరవై ఏళ్ల కిందట మా ఆడపడుచుతో వాదించి ఓడిపోయిన సంగతి ఒకటుంది. ఆ వాదన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, మెయిన్ రోడ్డు వచ్చేలోగా గెలిచాను. ఆమె తరఫున కూడా నేనే మాట్లాడాను కాబట్టి గెలవడం తేలికయింది.

మరునాడు పొద్దున ఆటోలోనే బడికి వెళ్లాను. సాయంత్రం మాత్రం ఎక్కలేదు. "నేను నడిచి వస్తా, మీరు పోండి" అన్నాను. ఆ మాట అనడం ఎంత పెద్ద వ్యవహారమో అప్పటికి నాకు తెలియదు.

మా వైపు పల్లెల్లో మనిషి ఒంటరిగా నడవడం చాలా కష్టం. అడవి జంతువుల వల్ల కాదు, మంచివాళ్ల వల్ల. ఆ సాయంత్రం నన్ను మొదట ఆపింది సైకిలు మీద వస్తున్న ఒక పెద్దాయన. కాలు నేలకు ఆనించి, "యాడికి మా?" అన్నాడు.

"ఊరికే" అన్నాను.

"ఏ ఊరికి?"

"ఏ ఊరికీ కాదు. ఊరికే నడుస్తా ఉండా."

"అదే మా నేనూ అడిగేది. ఏ ఊరికి నడస్తా ఉండావని."

లెక్క ఎంత చెప్పినా అర్థంకాని పిల్లవాడి ముందు నిలబడినట్టు కాసేపు నిలబడి, చివరికి "వడమాలపేటకి" అన్నాను.

"ఆ మాట ముందే సెప్పుంటే సరిపోయె గదా" అని ఆయన సైకిలు వెనక సీటు చేత్తో తుడిచి, "కూసో" అన్నాడు. ఆయనకు డెబ్బై ఏళ్లుంటాయి. ఆ సైకిలుకు ఇంకో రెండేళ్లు ఎక్కువే ఉంటాయి. కూర్చోనందుకు ఆయన నొచ్చుకున్నాడు.

తర్వాత పాలాయన. ఆయన మోపెడ్ మీద అటూ ఇటూ రెండేసి క్యాన్లు కట్టుకుని ఇళ్లిళ్లూ తిరిగేవాడు. వాళ్లబ్బాయి మా బడిలో ఎనిమిదో తరగతి. నన్ను చూసి బండి ఆపాడు.

"ఎక్కండి మేడం."

"వద్దప్పా, నడుస్తాను."

"క్యాన్లు కాళీవే మేడం. కాలు పెట్టుకునేదానికి సోటుండాది."

"సోటు గురించి కాదప్పా. నాకు నడవడమంటే ఇష్టం."

ఆయన నా వంక, బాట వంక, మళ్లీ నా వంక చూశాడు. ఇంజను ఆపి కిందికి దిగాడు. "అట్లయితే నేనూ నడస్తా. మా వానికి లెక్కలు సెప్పే టీచరమ్మ నడస్తా ఉంటే నేను బండి మీద పోతే, సూసినోళ్లు నన్ను మనిసంటారా?" అని బండి తోసుకుంటూ నా పక్కనే బయలుదేరాడు.

కిలోమీటరు దూరం ఆయన పాల గురించి, దాణా గురించి, వాళ్లబ్బాయి తెలివి గురించి మాట్లాడాడు. అబ్బాయి తెలివి గురించి నాకు తెలిసింది వేరు, అయినా ఊ కొట్టాను. వంక దగ్గర మోపెడ్ చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. ఆయన ముందు నుంచి లాగాడు, నేను వెనక నుంచి తోశాను. అవతలి గట్టు ఎక్కేసరికి నా చీర అంచు నిండా ఇసుక. ఆయన చెమట తుడుచుకుంటూ, "నడక మంచిదే మేడం. ఒళ్లు తేలికవతాది" అన్నాడు.

వారం తిరిగేసరికి నా నడక గురించి ఊళ్లో నాలుగు రకాల మాటలు తయారయ్యాయి. నాకు సుగరు వచ్చిందని కొందరు. వాళ్లు దయగలవాళ్లు. పొద్దున బడికి వెళ్లేసరికి నా కుర్చీ మీద తిప్పతీగ కట్ట ఒకటి, నేరేడు గింజల పొడి పొట్లం ఒకటి కనిపించేవి. నేను పొలం కొనడానికి చూస్తున్నానని ఇంకొందరు. భూముల బేరం చేసే ఒకాయన తోట మలుపులో నాకోసం కాపు కాసి, చేతిలో నక్షా పట్టుకుని, "ఆ గుట్ట కింద రొండెకరాలు, బోరుండాది, రోడ్డుకు దగ్గిర" అని నా వెంట వచ్చాడు. నెమలి అడుగులు చూద్దామని నేను వంక దగ్గర ఆగితే, "నీళ్ల వసతి సూస్తా ఉండారా? మంచి ఆలోసన" అన్నాడు.

మూడోది ఆటో ఆయనకు సంబంధించినది. ఆయనకూ నాకూ గొడవ జరిగిందని ఊళ్లో అనుకున్నారు. ఆయన ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూముకు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, చేతులు కట్టుకుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నేనేం తప్పు చేసినాను మేడం?" అన్నాడు.

"నువ్వేమీ చెయ్యలేదప్పా."

"పాటలు పెద్దగా పెడతానని కోపమా? స్పీకరు పీకేసినాను మేడం. సూడండి కావాలంటే."

వెళ్లి చూశాను. నిజంగానే స్పీకరు ఉన్నచోట రెండు గుండ్రటి బొక్కలు, వాటిలోంచి వైర్లు వేలాడుతున్నాయి. నాకు బాధేసింది. నీ ఆటో బంగారమని, నాకు నడవాలనిపించి నడుస్తున్నానని ఎంత చెప్పినా ఆయన ముఖం తేటపడలేదు. "నాలుగు రోజులు పోతే మీకే తెలస్తాది మేడం" అన్నాడు. ఆ సాయంత్రం మిగతావాళ్లను దింపేసి వచ్చి, బండిబాట మీద నా వెనక ఇరవై అడుగుల దూరంలో మెల్లగా ఆటో నడుపుకుంటూ వచ్చాడు. నేను ఆగితే ఆగాడు. నడిస్తే నడిపాడు. పెళ్లి ఊరేగింపులో ముందు నడిచే మనిషిలా ఉన్నాను నేను.

నాలుగో మాట మా ఇంటికి చేరింది. నేను తోటల్లో ఒంటరిగా ఏడుస్తూ నడుస్తున్నానని, నాలో నేనే మాట్లాడుకుంటున్నానని మా హెడ్మాస్టరు పెద్దమనిషి తరహాలో మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాడు. మాట్లాడుకోవడం నిజమే, ఆడపడుచు సంగతి చెప్పాను కదా. ఏడవడం ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచిస్తే తెలిసింది. నేను పాడుతున్నాను. అంతే. చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్నదాన్ని, దాన్ని ఏడుపనుకున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన చాలాసేపు కూర కలుపుతూ ఉండిపోయాడు. తర్వాత, "నా మీద ఏమన్నా కోపమా?" అన్నాడు.

"లేదు. నడవాలనిపించి నడుస్తా ఉండా."

"తిరుపతిలో రోడ్లు లేవా?"

"ఉండాయి. నిండా మనుషులు ఉండారు."

ఆయన "సరే, రేపు నేనూ వస్తా. ఏముండాదో చూస్తా" అన్నాడు. ఆయనది కరెంటాఫీసులో ఉద్యోగం. మరునాడు సాయంత్రం సెలవు పెట్టుకుని వచ్చాడు. నేను మామిడి కొమ్మలు, గుట్ట, బండలు చూపిద్దామనుకున్నాను. ఆయన బడి గేటు దాటగానే తల పైకెత్తాడు, మెయిన్ రోడ్డు దాకా దించలేదు. "ఈ స్తంభం ఒరిగింది చూడు. ఆ లైను మీద కొమ్మ పడితే అయిపోయింది. ఈ ట్రాన్స్‌ఫార్మరుకి కంచె ఎవరు పీకినారు?" అని లెక్క రాసుకుంటూ నడిచాడు. నెమలి ఒకటి మా ముందు నుంచే దాటింది. అది తీగ మీద వాలుతుందేమోనని ఆయన కంగారుపడ్డాడు. బస్సెక్కాక చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటూ, "బాగుండాది. నువ్వు ఒక్కదానివే పో" అన్నాడు. ఇంట్లో గొడవ అలా తీరింది.

బాట మీద మాత్రం తీరలేదు. రోజుకు ఎంత లేదన్నా ఐదారుగురు ఆపేవాళ్లు. ఒక్క మనిషి మాత్రం నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆమె ఒక ముసలామె. గుట్ట మొదట్లో వెడల్పాటి బండ మీద కూర్చుని ఉండేది. చుట్టూ ఏడు మేకలు. నేను వస్తే చూసేది, పోతే చూసేది. అంతే.

మూడో వారంలో ఒక రోజు కాలిలో తుమ్మముల్లు దిగింది. కుంటుకుంటూ వెళ్లి ఆ బండ మీదే కూర్చున్నాను. ఆమె ఏమీ అనకుండా తన కొంగుముడిలోంచి పిన్నీసు తీసి ఇచ్చింది. ముల్లు వచ్చాక అడిగాను. "అవ్వా, అందరూ యాడికి పోతా ఉండావని అడిగినారు. నువ్వొక్కదానివే అడగలేదు."

"నడస్తా ఉండావని కనపడతా ఉండాది గదా. ఇంగ అడిగేదేముండాది?" అంది.

నాకు ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఊళ్లో మాటలన్నీ ఆమెకు చెప్పేశాను. పాలాయన, పొలం బేరం, ఆటో, అన్నీ. ఆమె వింటూ ఒక మేకను చిన్న కర్రతో వెనక్కి తోలింది.

"తప్పు నీదే పాపా" అంది. నలభై ఎనిమిదేళ్లకు నన్ను పాపా అని పిలిచినవాళ్లు లేరు. "ఉత్త సేతులతో పోతా ఉంటివి. ఉత్త సేతులతో పోయే మనిసిని సూస్తే జనానికి అరగదు. సేతిలో ఏదన్నా పెట్టుకో. పనిమీద పోతా ఉండాదిలే అనుకుంటారు."

"ఏం పెట్టుకోవాలి?"

"నేను ఈ బండ మింద నలభై ఏండ్లుగా కూసోనుండా. యాల కూసోనుండావని ఒక్కరన్నా అడిగినారా? అడగరు. మేకలుండాయి గదా. ఇంట్లో ముగ్గురు కోడండ్లు. ఒకటే వాగుడు. ఈడ గాలి బాగుంటాది. మేకలు లేకపోతే నన్ను ఒక్క దినమన్నా కూసోనిస్తారా?"

"మేకల కోసం నువ్వు వస్తా ఉండావనుకున్నా."

"నా కోసరం అవి వస్తా ఉండాయి" అని, కొడవలి తీసుకుని చేని గెనిమ గట్టు మీది పచ్చగడ్డి ఇంత కోసి, కట్ట కట్టి నా చేతికిచ్చింది.

ఆ కట్ట పనిచేసిన తీరు చూసి నేనే ఆశ్చర్యపోయాను. సైకిలు పెద్దాయన ఎదురొచ్చాడు, గడ్డిని చూశాడు, తల ఊపి వెళ్లిపోయాడు. పాలాయన బండి ఆపలేదు, హారన్ మాత్రం కొట్టాడు. భూముల ఆయన నక్షా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం గుట్ట నుంచి మెయిన్ రోడ్డు దాకా నన్ను ఎవరూ పలకరించలేదు. ఎండ వాలి ఎర్రమట్టి మీద చెట్ల నీడలు బారెడు బారెడు సాగాయి. కౌజు పిట్టలు చేలోంచి చేలోకి పరుగెత్తాయి. నేను గడ్డికట్ట చంకలో పెట్టుకుని ఒక కీర్తన పల్లవి నుంచి చరణం దాకా పూర్తిగా పాడుకున్నాను. బస్టాపులో తిరుగుతున్న ఒక ఆవు ముందు కట్ట పడేసి బస్సెక్కాను.

పది రోజులు ఈ పద్ధతిలో హాయిగా గడిచాయి. ఆవు నేను వచ్చే వేళకు స్టాపులో నిలబడడం మొదలుపెట్టింది. అది చూసిన మా సైన్సు టీచరు ఒక రోజు నన్ను పక్కకు పిలిచింది. "మేడం, మీరు ఆవును కొన్నారంట గదా. మాకు రోజూ అర లీటరు పోయండి. మా అత్తకు ప్యాకెట్ పాలు పడటంలేదు" అంది.

"నాకు ఆవు లేదు" అన్నాను.

"అవునులెండి. అడిగినోళ్లందరికీ పోయాలంటే ఎట్లా" అని మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

అందుకని గడ్డి మానేసి, ఖాళీ టిఫిన్ క్యారియరు పట్టుకోవడం మొదలుపెట్టాను. ఇంకా పెద్ద తప్పు అదే. మామిడితోట కాపలా కాసే ఆయన రాత్రీ పగలూ తోటలోనే ఉంటాడు. ఆయన భార్య ఇల్లు బడి వెనక. ఆమె క్యారియరు చూసి, "మీరెట్లాగూ ఆ దావనే గదా మా, మా ఆయప్పకి రొంత సంగటి తీసకపోతారా? నాకు మోకాలి నొప్పి" అంది. ఎలా కాదంటాను? తీసుకుపోయాను. మరునాడు ఆమె పక్కింటామె కళ్లజోడు ఇచ్చింది, రోడ్డు పక్క కొట్లో ఉన్న తమ్ముడికి ఇవ్వమని. ఆ తర్వాత ఫోను చార్జరు, పెరుగు ముంత, పెళ్లిపత్రికలు, చింతపండు, కుట్టిన జాకెట్లు. ఇప్పుడు నన్ను ఎవరూ యాడికని అడగడం లేదు. "మాది తెచ్చినారా?" అని అడుగుతున్నారు. రెండు చేతులూ నిండిపోయి, నెమలి కనిపించినా ఆగి చూసే వీలు లేకుండా పోయింది.

ఈ సరఫరా కోడిపెట్టతో ఆగిపోయింది. బడి గేటు ఎదురింటామె ఒక సాయంత్రం గుడ్డసంచిలో కోడిని పెట్టి, తల మాత్రం బయటికి వచ్చేలా మూతి కట్టి నా చేతికిచ్చింది. "మా పాపది రోడ్డు కాడే ఇల్లు. గుడ్లు పెట్టే పెట్ట. జాగర్త మా" అంది. కోడి నా వంక ఒక కంటితో చూసింది. లెక్కల పరీక్ష రోజు వెనక బెంచీ పిల్లలు చూసే చూపు అది.

తోట మధ్యలోకి వచ్చేసరికి ముడి వదులైంది. తర్వాత ఏం జరిగిందో వరుసగా గుర్తులేదు. ఒక చేతిలో సంగటి క్యారియరు, ఇంకో చేతిలో ఖాళీ సంచి, ముందు కోడి, వెనక నేను. చెట్ల చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో లెక్కపెట్టలేదు. క్యారియరు కింద పెట్టి, కొంగు బిగించి, బో బో అని పిలుస్తూ పరుగెత్తాను. నా జీవితంలో కోడిని బో బో అని పిలవడం అదే మొదలు. గుట్ట దగ్గర బండ మీద కూర్చున్న అవ్వ లేచి నిలబడి మరీ చూసింది. దూరానికి కూడా ఆమె భుజాలు ఊగడం కనిపించింది. నవ్వుతోంది.

ఆ వేళకు ఆటో ఆయన మిగతావాళ్లను దింపేసి, నన్ను వెతుక్కుంటూ ఆ బాట మీదే వస్తున్నాడు. ఆటో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పాలాయన మోపెడ్ దిగాడు. కాపలా ఆయన సంగటి కోసం వచ్చి, సంగటి మాట మరిచి వలలాగా దుప్పటి పట్టుకున్నాడు. నలుగురం నాలుగు వైపుల నుంచి మెల్లగా దగ్గరికి వచ్చాం. కోడి మా నలుగురినీ చూసి, రెక్కలు కొట్టి, తోతాపురి చెట్టు నడికొమ్మ మీదికెక్కి కూర్చుంది.

"ఇంగ దిగదు మేడం" అన్నాడు కాపలా ఆయన. "పొద్దుగుంకే దాకా ఉండాల్సిందే. కన్ను మసకబారినాక పట్టుకోవచ్చు."

చెట్టు కింద కూర్చున్నాం. అవ్వ కూడా మేకలను తోలుకుని వచ్చి చేరింది. కాపలా ఆయన సంగటి తిన్నాడు. కాసేపు మాట్లాడుకున్నారు, కాసేపటికి మాటలు అయిపోయాయి. ఎవరూ ఎక్కడికీ వెళ్లడానికి లేదు. కోడి కదిలితే తలలెత్తడం, కదలకపోతే దించడం. అవ్వ మేకలు ఆకులు కొరికే చప్పుడు వినిపించింది. ఎక్కడో బోరు ఆగిపోయింది. ఆగిపోయాకనే అంతసేపూ అది నడుస్తోందని తెలిసింది. అరగంటకు పైనే మాట లేకుండా కూర్చున్నాం.

పాలాయన అన్నాడు. "ఈ దావన ఇరవై ఏండ్లుగా తిరగతా ఉండా. ఈ తోటలో ఇంత సల్లగా ఉంటాదని తెలీదే."

"బండి ఆపితే గదా తెలిసేది" అంది అవ్వ.

ఆటో ఆయన నా వంక చూశాడు. ఆయన ముఖంలో ఇన్నాళ్లుగా ఉన్న అనుమానం కొంచెం కొంచెంగా పోవడం నాకు తెలుస్తోంది. "ఇందుకోసరమేనా మేడం మీరు నడిసేది?" అన్నాడు.

"ఇందుకోసరమే అప్పా."

"నా ఆటో మీద కోపం లేదు."

"లేదు."

"ఈ మాట మొదట్లోనే సెప్పుండొచ్చు గదా మేడం" అన్నాడు. మొదట్లోనే చెప్పానని నేను అనలేదు.

చీకటి పడబోతుండగా కాపలా ఆయన చెట్టెక్కి కోడిని పట్టుకున్నాడు. అది ఏమీ అరవలేదు. ఆ రోజు నేను కోడితో సహా ఆటోలోనే మెయిన్ రోడ్డు చేరాను. పాటలు లేకపోయినా ఆయన పెదవులు ఏదో పాడుతూనే ఉన్నాయి.

మరునాడు ఆయన టీకొట్టు దగ్గర నిలబడి ఊరందరికీ వినపడేలా చెప్పాడట. "మన లెక్కల మేడంకి నడక పిచ్చి. మంచి మనిసే, ఏమీ లేదు, నడక పిచ్చి అంతే. ఎవురూ కదిలించొద్దండి. కోడి గీడి ఏదన్నా పంపాలంటే నా ఆటోలో పెట్టండి." చెప్పింది నమ్మకమైన మనిషి కాబట్టి ఊరు ఒప్పుకుంది. సుగరు, పొలం, ఆటోతో గొడవ, ఏడుపు, ఆవు, అన్నీ ఒక్క మాటతో చెరిగిపోయాయి. పిచ్చి అన్న తర్వాత ఇంక కారణం అడగాల్సిన పనిలేదు. నేను మూడు వారాలు వివరించి సాధించలేనిది ఆయన ఒక టీ తాగే లోపల సాధించాడు.

ఆ తర్వాత రెండున్నరేళ్లు ఆ బాట నాదే. ఎదురొచ్చినవాళ్లు కొంచెం పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాళ్లు. పాడుతుంటే విని ఊరుకునేవాళ్లు. వానలు పడ్డ ఏడాది వంకలో మోకాలి లోతు నీళ్లు పారితే, చెప్పులు చేతపట్టుకుని అవతలికి దాటి, మళ్లీ ఇవతలికి దాటి, ఏ పనీ లేకుండా నాలుగుసార్లు దాటాను. గట్టు పక్క మడిలో నాట్లు వేసే ఆడవాళ్లు చూశారు. ఒకామె, "టీచరమ్మ మే" అంది. ఇంకొకామె, "ఊ" అంది. నడుములు వంచి మళ్లీ పనిలో పడ్డారు.

ఇప్పుడు తిరుపతిలోనే ఒక బడికి బదిలీ అయ్యాను. ఇంటి నుంచి పది నిమిషాల దూరం. అయినా నెలకు ఒకటి రెండు ఆదివారాలు బస్సెక్కి అక్కడికి వెళ్తాను. అవ్వకు ఇప్పుడు బండ ఎక్కే ఓపిక లేదు. కోడళ్లు మేకలు అమ్మేస్తామంటే ఒప్పుకోక, ఒక్క మేకను ఉంచుకుని ఇంటి వెనక కానుగ చెట్టుకు కట్టి, దాని పక్కన కూర్చుంటోంది. నేను వెళ్తే పలకరించి, రెండు మాటలు కాగానే, "ఇంగ పో పాపా, ఎండ వచ్చేస్తాది" అని తరిమేస్తుంది. నన్ను పంపించడానికో, తను ఒంటరిగా కూర్చోవడానికో తెలియదు.

పోయిన ఆదివారం వెళ్లాను. చలి ఇంకా తగ్గలేదు. చిక్కుళ్లలాంటి కాయలు కాసే అనప చేలు పూతలో ఉన్నాయి, గట్ల మీద నడుస్తుంటే ఆ ఘాటు వాసన చీరకు అంటుకుంటోంది. ఒక చేలో కాయలు తెంపుతున్న ఆమె నన్ను చూసి ఏమీ అడగకుండా రెండు దోసిళ్లు అనపకాయలు నా కొంగులో పోసింది. అవి మూట కట్టుకుని నడిచాను. ఆ రోజు వాదించడానికి ఆడపడుచు కూడా గుర్తుకు రాలేదు. మెయిన్ రోడ్డు ఇంకో వంద అడుగులుందనగా తిరుపతి బస్సు వచ్చి స్టాపులో ఆగింది. కండక్టరు నన్ను చూసి చెయ్యి ఊపి పిలిచాడు. పరుగెత్తితే అందేదే. నేను పరుగెత్తలేదు. పొమ్మని చెయ్యి ఊపాను. బస్సు వెళ్లిపోయింది, దుమ్ము అణిగింది. నేను మిగిలిన వంద అడుగులు మెల్లగా నడిచాను.